దిన్నె మీద మట్టి దొర

నిన్న పొద్దున ఆటోకు మైకు కట్టుకుని ఎవరో మా వీధివెంట చాటుకుంటూ పోయారు. ఇక్కడికి దగ్గరే ఉన్న మా పుట్టినూరి యుద్ధపు దిన్నె పార్కులో శనివారం సాయంత్రం ఉచిత కార్యక్రమాలట, టికెట్టు లేదట, అందరూ రావచ్చునట. అప్పటినుంచి నాకు కుర్చీలో కుదురు లేదు. తిరుపతిలో ఈ కొడుకు ఇంటి వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను. మోకాళ్ల నొప్పులేమో అనుకుని కోడలు తైలం సీసా తెచ్చి పక్కన పెట్టింది.

ఆ దిన్నె మాది. కాగితాల ప్రకారం కాదు లెండి. కుంఫిణీ పటాలం మా కోట తలుపులు విరగ్గొట్టిన నాటినుంచి మాది అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాని మా వంశంలో ఆఖరి పాళెగాడు ఆ పటాలంతో పోరాడి పడిపోయింది ఆ దిన్నె మీదనే. నా చిన్నతనానికి మాకు మిగిలినవి ఆయన తలపాగా, తెర కట్టిన గూడుబండి, నాయన నిటారు వెన్ను. బండికి ఎద్దులు కూడా పక్క రైతు దగ్గర అడిగి తెచ్చుకున్నవే. నాయన మాత్రం ఎవరి ముందూ వంగేవాడు కాదు. గుమ్మం పొట్టిదైతే ఆ ఇంటికి పోవడమే మానుకునేవాడు.

స్వతంత్రం వచ్చిన మరుసటి వేసవిలో పంచాయితీవాళ్లు దిన్నె మీది ముళ్లపొదలు కొట్టించి, కానుగ మొక్కలు నాటించి, దానికి పార్కు అని పేరుపెట్టారు. సాయంత్రాల్లో జనం ఊరికే చూసిపోయేటట్టు హరికథలు, తోలుబొమ్మలాటలు పెట్టించారు. ఆఖరున మా పాళెగాడి కథనే వీధినాటకంగా ఆడించాలనుకున్నారు. అందుకు వాళ్లు పిలిచింది భారతం ఆడే జట్టును.

మా చిత్తూరు సీమలో పెరిగిన నా ఈడువాళ్లకు భారతం గురించి చెప్పనక్కర్లేదు. ధర్మరాజుల గుడి ముందు రోజుల తరబడి కథ నడిచి, చివరినాడు దుర్యోధనుణ్ణి బంకమట్టితో పెద్ద బొమ్మగా చేసి వెల్లకిలా పడుకోబెడతారు. భీముడి వేషగాడు తొడ విరగ్గొట్టాక ఆడవాళ్లు చీపుళ్లతో ఆ బొమ్మను కొడతారు. కొట్టిన ఆ మన్నునే, పంట బాగా వస్తుందని, ఇంటికి తీసుకుపోయి గాదెలో వేసుకుంటారు.

ఆ అలవాటుకొద్దీ జట్టువాళ్లు మా పాళెగాణ్ణి కూడా మట్టితో చేసి దిన్నె మీద పడుకోబెట్టారు, మీసాలతో, తలపాగాతో సహా. మధ్యాహ్నానికి ఆ సంగతి మా ఇంటికి చేరింది. నాయన అన్నం ముందునుంచి లేచిపోయాడు. మావాడు దుర్యోధనుడా, ఊరి ఆడవాళ్లు చీపుళ్లతో కొడతారా అని వాకిలికీ నడవకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఒక్క చీపురు తగిలినా తెల్లారి ఈ ఊళ్లో ఉండేది లేదని అమ్మను మూటలు కట్టుకోమన్నాడు. అమ్మ కట్టింది కూడా.

పొద్దు వాలేసరికి గూడుబండిలో తెర వెనక అమ్మా నేనూ, బండి పక్కన నాయన, దిన్నె దగ్గరికి చేరాము. జట్టు పెద్ద సగం రంగు పూసుకున్న మొహంతో పరుగెత్తుకొచ్చి, కుర్చీ వేయిస్తానన్నాడు.

"కుర్సీ యాల? మావాడు యాడ పడినాడో ఆడనే నిలబడతా. ఎవురి మాదిరి చేసినావురా ఆయన్ని?"

"పడినాయన మాదిరి చేసినాను దొరా. పడినోళ్లను చేసేదానికి మాకు ఇదొకటే దారి తెలుసు."

ఆట మొదలై గోనెసంచుల నిజార్లతో కుంఫిణీ సిపాయిలు దిగినప్పుడు జనం పడీపడీ నవ్వారు. పాళెగాడి వేషగాడు ఒరిగిపోయి బొమ్మ తల దగ్గర చతికిలబడ్డాడు. అంతలో ఆడవాళ్లు లేచారు. మట్టిబొమ్మ ఉందని విని చీపుళ్లు తెచ్చుకున్నారు మరి. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నాయన వెళ్లి బొమ్మకు అడ్డంగా నిలబడ్డాడు.

ముందుగా వచ్చిన కుమ్మరామె ఆయన్ని చూసి జంకలేదు. "జరుగు దొరా, కాలికి తగలతాది" అని వంగి, బొమ్మ పాదాల చుట్టూ పడిన ఆకులూ ముళ్లూ ఊడ్చింది.

"ఏమ్మే, కొట్టేదానికి వచ్చినావా, ఊడ్సేదానికి వచ్చినావా?" అని గుంపులోంచి ఎవడో ఎగతాళి చేశాడు.

"కొట్టేదానికి ఈయన ఎవురి సీర లాగినాడ్రా?"

దిన్నె అంతా గొల్లుమంది. ఆమె చీపురు పక్కనపెట్టి, బొమ్మ గుండెల మీదనుంచి ఇంత మన్ను తీసి కళ్లకద్దుకుని కొంగున కట్టుకుంది. ఆ వెనక అందరూ వచ్చారు. మీసాలు పోయాయి, తలపాగా పోయింది, చేతులు పోయాయి. చివరికి చారెడు మన్ను మిగిలితే, ఆమె నాయనతో, "తీసుకో దొరా, మీ పెద్దాయనే గదా" అంది.

తీసుకోవాలంటే వంగాలి. నాయన చెయ్యి కొంచెం కిందికి జారింది, వేళ్లు తెరుచుకుని మూసుకున్నాయి, మళ్లీ పైకి వచ్చేసింది. ఆ జనంలో తెర తీసుకుని బండి దిగడం మా ఇంటి ఆడవాళ్లకు లేదు. చూస్తుండగానే ఆ చారెడూ ఎవరి కొంగులోకో వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి అమ్మ మూటలు విప్పింది. నాయన తిరగడం మాత్రం ఆ రోజుతో ఆగలేదు. ఆయన బతికినన్నాళ్లూ ఏ పనీ లేకుండా మా ఉత్త గాదె దాకా వెళ్లి, మూత ఎత్తి చూసి వస్తుండేవాడు. ఊళ్లో ప్రతి గాదెలోనూ మా పాళెగాడు ఉన్నాడు, మా ఇంట్లో తప్ప.

శనివారం నన్ను తీసుకువెళతానని కొడుకు అంటున్నాడు. వంశస్థురాలినని ముందు వరుసలో కుర్చీ వేస్తారట. దిన్నె మీద ఇప్పుడు బంగారు రంగు పూసిన విగ్రహం గుర్రమెక్కి ఉంది, చుట్టూ ఇనుపకంచె, తాకరాదని బోర్డు, కాలు పెట్టిన చోటల్లా సిమెంటు పలకలు. అక్కడ పడినవాణ్ణి లేపి నిలబెట్టారు, సంతోషమే. ఈ వయసులో ఎవరేమనుకుంటారని కూడా లేదు, కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా వంగగలను. వంగితే చేతికి తగలడానికి మన్నే లేదు.