ఎదురుకోలులో నిప్పు కక్కిన కారు

కరోనా సద్దుమణిగి, ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒకేసారి మీదపడిన ఏడాది వైశాఖంలో నన్ను అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దగ్గరున్న రవాణాశాఖ యూనిట్ ఆఫీసుకు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఎంవీఐ అంటే లైసెన్సు కోసం ఎనిమిది అంకె వేయించే అధికారి అనే చాలామందికి తెలుసు. మా పనిలో ఇంకో భాగం ఉంది. ఏదైనా కేసులో బండి ప్రమేయం ఉందనిపిస్తే, దాన్ని పరీక్షించి నివేదిక ఇమ్మని పోలీసులు మాకు రాస్తారు. బ్రేకు పట్టిందా లేదా, లోపం ముందునుంచీ ఉందా ప్రమాదంలో వచ్చిందా అన్నది మేం తేల్చాలి. చూసిందే రాయాలి. ఊహించింది రాయకూడదు.

చేరిన వారంలోనే ఒకరోజు పొద్దున్నే విడపనకల్లు వైపునుంచి ఎస్సై ఫోన్ చేశాడు. కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినవాడు.

"మేడమ్, ఒక కారు చూడాల. బాంబు కేసు."

"కారులో బాంబు దొరికిందా?"

"లేదు మేడమ్. కారే బాంబంటాండాడు పెళ్ళికొడుకు."

జీపులో పోతూనే మిగతాది ఫోన్లో విన్నాను. పెళ్ళికొడుకు తిప్పేస్వామికి బళ్ళారిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ముందురోజు పొద్దుగూకే వేళ పెళ్ళికూతురి ఊరికి వచ్చాడు. ఊరి మొగదల ఎదురుకోలు. మేళగాళ్ళు, హారతి పళ్ళాలు, మామిడాకులు కట్టిన గుడ్డ తోరణం. తన కారు తనే నడుపుతూ తోరణం దాటగానే వెనకనుంచి వరసగా మూడు నాలుగు పేలుళ్ళు వినిపించాయి, మంట కనిపించింది. నేలదాకా వేలాడుతున్న తోరణం అంచు అంటుకుంది.

ఇంకో ఊళ్ళో అయితే టపాకాయలనుకుని నవ్వేవాళ్ళు. ఇక్కడ అలా కాదు. పెళ్ళికొడుకు సొంతూరికీ ఈ ఊరికీ మధ్య ఒక తరం కిందట కక్షలు నడిచాయి. నాటుబాంబు చప్పుడు ఎలా ఉంటుందో పెద్దవాళ్ళ చెవులకు తెలుసు. కక్షలు పోవాలనే ఈ సంబంధం కలుపుకున్నారు. పేలుడు వినగానే హారతి పళ్ళాలు నేలమీద పడ్డాయి, మేళగాడు డోలుతో సహా చింతచెట్టు వెనక్కి దూకాడు. పెళ్ళికూతురి తండ్రి ఎర్రిస్వామి, మగపెళ్ళివాళ్ళే బాంబు వేశారన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి హనుమంతప్ప, మా మీదే వేయించారన్నాడు. తెల్లారేసరికి ఇద్దరూ స్టేషన్ అరుగుకి చెరో కొసన కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నంలోపు ముహూర్తం.

నేను పోయేసరికి పెళ్ళికొడుకు బాసికంతోనే స్టేషన్ ఆవరణలో తన కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎర్రటి చిన్న పెట్రోలు కారు.

"నా కారే మేడమ్ పేలింది. ఎంత చెప్పినా ఎవురూ నమ్మరు."

"ఏదీ, పేల్చి చూపించమను మేడమ్," అన్నాడు ఎస్సై. "రెండుసార్లు స్టార్ట్ చేపిచ్చినా. పిల్లికూన మాదిరి గుర్రుమంటాండాది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన బండికి లోపం లేదని మొత్తుకునేవాళ్ళనే చూశాను. లోపం ఉందని, దయచేసి నమ్మమని బతిమాలేవాణ్ణి అదే మొదటిసారి చూడటం. నవ్వు ఆపుకోవడానికి కారు కిందికి దూరాను.

కింద చూస్తే సగం కథ అక్కడే ఉంది. సైలెన్సర్ డబ్బా తీసేశారు. పొగలోని విషవాయువుల్ని శుభ్రం చేసే కన్వర్టర్ కూడా లేదు. ఇంజన్‌నుంచి వెనక బంపర్ దాకా లావుపాటి గొట్టం ఒక్కటే తిన్నగా ఉంది. దాని మూతి లోపల దట్టంగా మసి. ఈ కారు ఎక్కడ కొన్నావని అడిగాను. బెంగళూరులో ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. "ల్యాప్‌టాప్ పెట్టి ఏందో మార్చినాడంట మేడమ్. అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఢామ్మంటాది. ఎప్పుడంటాదో నాకూ తెల్దు."

మిగతా సగం కథ అది. మామూలు ఇంజన్‌లో కాలు యాక్సిలరేటర్ మీదనుంచి తీసేస్తే పెట్రోలు పోయడం ఆగుతుంది. ఇలాంటి బళ్ళలో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను మార్చి, కాలు తీశాక కూడా పెట్రోలు పోసేలా, నిప్పురవ్వ మాత్రం ఆలస్యంగా పడేలా చేస్తారు. ఇంజన్ లోపల కాలాల్సింది సగమే కాలి, మండుతూ మండుతూ గొట్టంలోకి వస్తుంది. గొట్టం వేడిగా ఉంటే మిగిలిన పెట్రోలు అక్కడ అంటుకుంటుంది. అదే చప్పుడు, అదే మంట. అడ్డుకోవడానికి సైలెన్సర్ లేదు కాబట్టి బయటికే వస్తుంది.

ఇదంతా అరుగుమీది ఇద్దరికీ వివరంగా చెప్పాను. ఇద్దరికీ ఒక్క ముక్కా తలకెక్కలేదు. అప్పుడు పెళ్ళికూతురి నాయనమ్మ లింగమ్మ ముందుకొచ్చింది. కొడుకు ఎర్రిస్వామికి తోడుగా వచ్చి పొద్దున్నుంచీ అక్కడే ఉంది.

"గ్యాస్ తిప్పి అగ్గిపుల్ల గీకడం ఆలస్యమైతే బుగ్గుమంటాది సూడు, అట్లనా పాపా?"

"సరిగ్గా అట్లనే అవ్వా."

"మరి ఆ మాట మొదుట్లోనే చెప్పల్ల గదా," అంది.

అర్థమైంది గానీ ఎర్రిస్వామి ఒప్పుకోలేదు. "మాటలు కాదమ్మా. కారు పేలేది నా కండ్లతో చూడల్ల." హనుమంతప్ప కూడా అదే అన్నాడు. రాత్రినుంచి వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అది.

పెళ్ళికొడుకును పక్కకు పిలిచి, నిన్న తోరణం దగ్గర నీ కాలు ఏం చేసిందో చెప్పమన్నాను. బళ్ళారినుంచి ఎక్కడా ఆగకుండా తోలుకొచ్చాడట. పెళ్ళికూతురు మిద్దెమీదనుంచి చూస్తుందని ఊరి మొగదల రెండో గేర్‌లో గట్టిగా తొక్కాడు. తోరణం దగ్గర జనం కనబడగానే టక్కున కాలు తీశాడు. ఎస్సై ముందు స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ చల్లగా ఉంది, బండి కదల్లేదు, తొక్కనివ్వలేదు. పేలడానికి కావలసిన మూడింటిలో ఒక్కటీ లేదు.

ఊరి బయట కాలువ పక్క మట్టిరోడ్డు ఖాళీ చేయించాం. దగ్గర్లో గడ్డివాములు లేవని చూసుకుని, ఇసుక బకెట్లు పెట్టించి, జనాన్ని దూరంగా నిలబెట్టాం. వియ్యంకులిద్దరూ లోపల కూర్చుంటామని పట్టుపట్టారు. ఒకరు కూర్చుంటే రెండోవాడు నమ్మడు. సరేనని ఇద్దర్నీ వెనక సీట్లో ఇరికించాను. వాళ్ళు మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి, చెరో కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. స్టీరింగు నేనే పట్టుకున్నాను.

ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పి తెచ్చాను. కారు జనం ఎదుటికి రాగానే తొక్కి కాలు తీశాను. ఏమీ కాలేదు. జనంలోంచి ఈల వినిపించింది. వెనకనుంచి ఎర్రిస్వామి "చెప్తి గదా," అన్నాడు. నివేదికలో ఏం రాయాలి? ఇద్దరిలో ఎవరో ఒకరి మీద బాంబు కేసు నిలబడిపోతుంది.

కారు మలుపుతుంటే తట్టింది. తప్పు నా కాలిది. లైసెన్సుకు వచ్చినవాళ్ళందరికీ "నిదానంగా కాలు తియ్యండి" అని చెప్పీ చెప్పీ నా కాలికి అదే అలవాటైపోయింది. ఈసారి రెండో గేర్‌లో ఇంజన్ ఊళపెట్టేదాకా తొక్కి, నిప్పుమీద పడ్డట్టు కాలు లాగేశాను.

ఢాం! ఢఢాం! ఢాం!

అద్దంలో చూస్తే వెనక నారింజ రంగు మంట, ఎండలో కూడా స్పష్టంగా, మూరెడు పొడుగున. రోడ్డు పక్కన ఎస్సై నేలమీద బోర్లా పడి ఉన్నాడు. వెనక సీట్లో ఎర్రిస్వామి, హనుమంతప్ప ఒకర్నొకరు వాటేసుకుని కళ్ళు మూసుకున్నారు. కారు ఆపాక కూడా వదల్లేదు.

"బావా, బతికుండావా?" అన్నాడు హనుమంతప్ప.

"ఉండాను గానీ, నా చెయ్యి వదులప్పా," అన్నాడు ఎర్రిస్వామి.

ఆ మాటకు మొదట నేను నవ్వాను. తర్వాత వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత రోడ్డు పొడుగునా జనం నవ్వారు. ఎస్సై లేచి చొక్కా దులుపుకుంటూ, తను మంట ఎత్తు చూడటానికి వంగానని చెప్పాడు. లింగమ్మ కారు దగ్గరికొచ్చి బానెట్ తట్టింది.

"ఇంగొక్కసారి కానీ పాపా. నేను సరిగ్గా సూడలా."

పరీక్ష ఫలితం రెండోసారి కూడా రావాలని మా పద్ధతుల్లో ఉంది. ఆ నిబంధనను ఎప్పుడూ అంత సంతోషంగా పాటించలేదు. ఈసారి మంట ఇంకొంచెం పొడుగొచ్చింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

అక్కడే, జీపు బానెట్ మీద నివేదిక రాశాను. పేలుడు పదార్థం ఆనవాలు లేదు. శబ్దం, మంట వాహనం గొట్టంనుంచే వచ్చినట్టు పరీక్షలో నిర్ధారణ అయింది. అనుమతి లేకుండా మార్పులు చేసిన బండి కాబట్టి, యథాస్థితికి తెచ్చి మళ్ళీ చూపించేదాకా రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయాలని సిఫారసు చేశాను. తిప్పేస్వామి సంతకం పెడుతూ, కారు పోయినా పర్వాలేదు, పిల్ల దక్కిందన్నాడు. మామగారి ట్రాక్టర్ మీద, ఇద్దరు పెద్దమనుషుల మధ్య కూర్చుని ముహూర్తానికి పోయాడు. సైలెన్సర్, కన్వర్టర్ పెట్టించి, కంప్యూటర్ మార్పించి, నెల తర్వాత భార్యతో కలిసి ఆ కారును మా ఆఫీసుకు తెచ్చాడు. పరీక్షించి సస్పెన్షన్ ఎత్తేయించాను.

ఆ కేసులో నేను నేర్చుకున్నది ఒకటే. లోపం ఏ స్థితిలో బయటపడిందని ఫిర్యాదు వచ్చిందో, బండిని ఆ స్థితిలోకి తెచ్చే పరీక్షించాలి. చల్లారి నిలబడిన బండిని చూసి, లోపం లేదని ఆ తర్వాత నేనెప్పుడూ రాయలేదు.