నీడ ఐదో రాయి దగ్గరకు వచ్చాక

ఎడారి దేశానికి బతుకుతెరువు కోసం వెళ్లి ఉన్న రోజుల్లో, బురైమిలో మా గదికి దగ్గరగా ఒక తోట ఉండేది. ఒకప్పుడు అక్కడ, ఊరికి దూరంగా ఉండాలనుకున్న మతపండితులు చిన్న చిన్న మట్టి గదుల్లో చదువుకుంటూ గడిపేవారట. తర్వాత ఒక వ్యాపారి ఆ గదులను కలిపి విడిది ఇల్లు చేసుకున్నాడు. మేం వెళ్లేనాటికి అది ఊరందరి తోట. ఖర్జూర చెట్ల మధ్య మోకాలి లోతు కాలువ.

రెండేళ్ల మా పాప అందులోనే జారిపడింది. నేను దుప్పటి పరుస్తూ అటు తిరిగానంతే. తోటమాలి ఒక్క అంగలో వచ్చి పైకి తీశాడు. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి చెంబుతో నీళ్లు ముంచినా గుక్కపట్టి ఏడ్చేది. తడిగుడ్డతో తుడవడమే స్నానమైంది. ఒళ్లంతా చెమటకాయలు.

"ఇక ఆ తోటకు వెళ్లొద్దు" అన్నారు మావారు.

చిన్నప్పటి నుంచి నాకూ నీళ్లంటే భయమే. అది దీనికి అంటకూడదనుకున్నాను. నాలుగో రోజే పాపను ఎత్తుకుని బయలుదేరాను.

తోటమాలిది కరీంనగర్ వైపు. పెద్దాయన. "మళ్లొచ్చినవా బిడ్డా? ఇగ రావనుకున్న."

"రాక ఏం చేయను బాబాయ్? నీళ్లు లేని ఊరికి పోతామా?"

"నీళ్లు లేని ఊరికే గదా వచ్చినం" అని నవ్వాడు.

ఎండలో పాతిన కర్రను, దాని నీడ పడే చోట వరసగా ఉన్న రాళ్లను చూపించాడు. కాలువ నీళ్లు తోటలకు వంతులవారీగా వస్తాయి. నీడ మూడో రాయి దాటితే ఈ తోట వంతు అయిపోయినట్టే. ఆయన రాతిపలక దించి మట్టితో మూసేస్తే, నీళ్లు మెల్లగా తగ్గిపోతాయి.

"నీడ ఐదో రాయి కాడికొచ్చినంక రా. అరికాలు తడుస్తది, అంతే."

వారంపాటు అలాగే వెళ్లాను. నా కాళ్లు తడిలో పెట్టి కూర్చునేదాన్ని. పాప ఒళ్లోంచి దిగలేదు. తర్వాత నీడ నాలుగో రాయి దగ్గర ఉండగానే వెళ్లాం. చీలమండ లోతు. ఒకరోజు బొటనవేలు ముంచి వెంటనే తీసేసింది.

ఇంకో రోజు మబ్బు పట్టింది. కర్రకు నీడే లేదు. వేళ తెలియక, ముందే వెళ్లాను. కాలువ నిండా పారుతోంది.

"ఇంకా మూయలే బిడ్డా. జర ఆగు."

ఆగితే నాకే ధైర్యం పోతుందనిపించింది. పాపను గట్టుమీద ఆయన పక్కన కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని దిగాను. చేతులు చాచాను.

పాప నన్నే చూసింది. ఒక కాలు నీళ్లలో పెట్టి ఏడుపు లంకించుకుంది. కానీ వెనక్కి తీయలేదు. ఏడుస్తూనే రెండో కాలూ పెట్టింది.