ఆరును మూడు చేసిన పిన్ని

ఆఫీసుకు బయలుదేరి ఢిల్లీ మయూర్ విహార్‌లో మెట్రో కోసం నిలబడి ఉండగా ఫరీదాబాద్ నుంచి బాబాయి ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ పిన్ని వెళ్ళిపోయింది," అన్నారు. రైలు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. నేను ఎక్కలేదు.

మా పిన్ని మీకెవరికీ తెలియదు. నలుగురికీ తెలిసే పని ఆమె ఎన్నడూ చేయలేదు. కాకినాడలో రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ చదివి, పెళ్ళయ్యాక బాబాయితో ఫరీదాబాద్ వచ్చింది. కుళాయిలకూ మోటారు సైకిళ్ళ విడిభాగాలకూ క్రోమియం పూత పూసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరింది. మెరిసే సరుకుతో ఆమెకు సంబంధం లేదు. పూత పూశాక మిగిలే మురికినీటిని బాగుచేసి బయటికి వదలడం ఆమె పని.

ఆ పని నాకు అర్థమైంది ఆమె దగ్గర చదువుకున్నప్పుడే. నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, మేము సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. పదకొండో తరగతిలో ఆక్సీకరణ స్థితులు నాకు కొరుకుడు పడలేదు. ప్రతి మూలకం నెత్తిన ఒక అంకె ఎందుకు పెడతారో తెలియకుండానే కూడికలు, తీసివేతలు చేసేదాన్ని. ఒక ఆదివారం పిన్ని వచ్చి, కూరగాయలు కడగడానికి అమ్మ దాచుకున్న పొటాషియం పర్మాంగనేట్ పలుకు ఒకటి గాజుగ్లాసు నీళ్ళలో వేసింది. నీళ్ళు వంకాయరంగుకు తిరిగాయి. విటమిన్ సి బిళ్ళ ఒకటి నలిపి అందులో కలిపింది. రంగు చూస్తుండగానే పోయి నీళ్ళు తేటపడ్డాయి.

"ఈ పలుకులోని మాంగనీసు ఏడో మెట్టు మీద ఉండేది, రెండో మెట్టుకు దిగింది. దింపింది ఈ బిళ్ళ. మరి బిళ్ళ బాగుందా? అదీ పాడైపోయింది. ఒకదాన్ని దింపాలంటే ఇంకొకటి పాడవక తప్పదే," అంది.

తను రోజూ చేసేదీ అదేనని అప్పుడే చెప్పింది. పూత తొట్టెల్లో క్రోమియం ఆరో స్థితిలో ఉంటుందట. నీళ్ళలో ఇట్టే కరిగి, పసుపుపచ్చగా పారుతూ, మనిషి ఒంట్లోకి సులువుగా దిగిపోయే విషం అది. పిన్ని ఆ నీళ్ళలో ఆమ్లం పోసి, అగ్గిపుల్ల గీసినప్పటి వాసన వేసే తెల్లటి పొడి కలిపేది. క్రోమియం ఆరు నుంచి మూడుకు దిగి, నీళ్ళు ఆకుపచ్చగా మారేవి. తర్వాత సున్నం వేస్తే ఆ ఆకుపచ్చదనమంతా బురదై అడుగుకు చేరేది. మూడో స్థితిలో అది అంత త్వరగా కరగదు, ఆరుతో పోలిస్తే దానివల్ల హాని చాలా తక్కువ. పైన తేరిన నీళ్ళను వదిలేవాళ్ళు, బురదను గోతాలకెత్తేవాళ్ళు. నాకు పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఆ తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయాను.

నీళ్ళను చూసి ఆమె ఎన్నడూ అందంగా ఉన్నాయనేది కాదు. కొత్త చోట మంచినీళ్ళు తాగే ముందు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేది. కంటికి కనిపించకపోతే లేనట్టు కాదని అంటూనే తాగేసేది. ముక్కుపుడక చాలా ఏళ్ళ కిందటే తీసేసింది. పక్కనే ఉండే పూత తొట్టెల ఆవిరికి ముక్కు లోపలి గోడ పుండై, ఊరికే నెత్తురు కారేదట. ఫ్యాషన్ పోయిందిలే అని అమ్మతో చెప్పింది. అమ్మ నమ్మింది.

మూడేళ్ళ కిందట ఒక వానాకాలం శనివారం నేను వాళ్ళింట్లో ఉన్నాను. ఇద్దరం కూరగాయలకు వెళ్ళి వస్తున్నాం. వాళ్ళ వెనక గల్లీలో ఎవరో కొత్తగా గది కట్టుకున్నారు, గోడకు ఇంకా సిమెంటు పూయలేదు. తడిసి ఆరిన ఇటుకల మీద లేత పసుపు పొడి పొరలా తేలి ఉంది. పిన్ని ఆగిపోయింది. వేలితో తాకి చూసుకుంది. సంచీ కింద పెట్టి, ఇటుకలు ఎక్కడివని ఆ ఇంటామెను అడిగింది. ఆమె ఫలానా బట్టీ అని చెప్పింది. ఇంటికి వచ్చాక పిన్ని చేతులు చాలాసేపు కడుక్కుంది.

సోమవారం ఆమె అడిగితే ఫ్యాక్టరీలో ఎవరూ దాచలేదు. బురద గోతాలను అలాంటి వ్యర్థాలను పూడ్చేందుకు కట్టిన చోటికి పంపడం ఖర్చని, ట్రాక్టరులో ఆ ఇటుకబట్టీకి ఇచ్చేస్తున్నారు. బట్టీవాళ్ళు దాన్ని మట్టిలో కలిపి కాలుస్తున్నారు. సున్నం కలిసిన ఆ బురద నిప్పుల్లో గాలి తగిలి కాలినప్పుడు, పిన్ని దింపిన క్రోమియం కొంత మళ్ళీ ఆరుకు ఎక్కుతోంది. వాన పడ్డప్పుడల్లా గోడల్లోంచి కరిగి నేలలోకి దిగుతోంది. అన్నేళ్ళ ఆమె పని జనం ఇళ్ళ గోడలకు చేరి వెనక్కి తిరుగుతోంది.

యజమాని మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాడట. "మేడమ్, మీ పని నీళ్ళు. నీళ్ళు సాఫ్‌గానే వెళ్తున్నాయి కదా," అన్నాడట. ఆమె కాలుష్యం చూసే ప్రభుత్వ శాఖకు ఫిర్యాదు చేసింది. ఒక అధికారి వచ్చి కాలువ నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళాడు. నీళ్ళు బాగున్నాయని తేలింది. బాగుండక ఏం చేస్తాయి, వాటిని బాగుచేసింది ఆమే కదా. బట్టీ వైపు ఎవరూ వెళ్ళలేదు. ఆ గది కట్టుకున్నామెకు పిన్ని సంగతంతా చెప్పింది. గోడ పడగొట్టి మళ్ళీ ఏ డబ్బుతో కట్టమంటావు దీదీ అని ఆమె అడిగింది.

ఉద్యోగం మానెయ్యమని నేను పోరాను. "నేను మానేస్తే ఆ తెల్లపొడి కొనడం కూడా మానేస్తారు. అప్పుడు నీళ్ళలోనే వదిలేస్తారు," అంది. మానలేదు. మరుసటి చలికాలం దగ్గు పట్టుకుంది. ఢిల్లీ గాలికి అందరం దగ్గుతున్నాం కనక ఎవరం పట్టించుకోలేదు. మొదట క్షయ అనుకుని మందులు వాడారు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరని తేలేసరికి చేయదగింది పెద్దగా మిగల్లేదు. సిగరెట్ అలవాటుందా అని డాక్టర్ అడిగితే పిన్ని నవ్వింది. ఏం పని చేసేవారని అడిగాడు, చెప్పింది. తల ఊపాడు. దేనివల్ల వచ్చిందో తేల్చి చెప్పినవాళ్ళు లేరు.

ఆసుపత్రిలో చివరిసారి కూర్చున్నప్పుడు ఏదో ఒక ధైర్యం చెప్పాలనిపించి, ఇన్నేళ్ళు ఎంత విషాన్ని ఆపావో కదా పిన్నీ అన్నాను. ఆమె ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుంది.

"ఆపలేదే. పట్టుకున్నానంతే. పట్టుకున్నంతసేపు ఆగింది."

పదోరోజు కర్మ అయిన మర్నాడు బాబాయికి తోడుగా నేనొక్కదాన్నే ఆ ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. వెనక గల్లీలో గది కట్టుకున్న ఆవిడే. పుట్టింటికి వెళ్ళి అప్పుడే తిరిగి వచ్చిందట, పిన్ని పోయిన సంగతి తెలియదు. చేతిలో నీళ్ళ సీసా ఉంది. "దీదీ ఉన్నారా?" అని హిందీలో అడిగింది. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది.

కళ్ళు తుడుచుకుని, ఎందుకొచ్చిందో తనే చెప్పింది. వానలు పడ్డప్పుడల్లా వాళ్ళ బోరింగు నీళ్ళు దీదీ పరీక్ష చేసి పెట్టేదట. రెండు చుక్కల మందు వేశాక ఊదారంగు వస్తే తాగొద్దని, రాకపోతే తాగొచ్చని చెప్పేదట. ఇప్పుడు సీసాలో అవే నీళ్ళు తెచ్చింది, మందు ఇంట్లోనే ఉంటుందంది. వంటింటి పై అరలో వెతికాను. రంగు మారితే వాడకూడదని పిన్ని చేత్తో రాసి అంటించిన చిన్న సీసా దొరికింది. తేటగా ఉండాల్సిన మందు ముదురు గోధుమరంగులో ఉంది. అది నిలవ ఉండదు, గాలికి ఆక్సీకరణం చెంది చెడిపోతుంది. మంచం పట్టాక పిన్ని మళ్ళీ కలుపుకోలేదు.

ఇది పనికిరాదని చెప్పాను. నువ్వు కలపలేవా బేటీ అని అడిగింది. నాది కంప్యూటర్ పని ఆంటీ, ఇది నాకు రాదన్నాను. "ఠీక్ హై," అని, నా తల నిమిరి, తన నీళ్ళ సీసా తీసుకుని మెట్లు దిగింది.

నేను బాల్కనీలోకి వచ్చి చూశాను. వాన వెలిశాక ఎండ చుర్రుమంటోంది. ఆవిడ గల్లీ మలుపు దాకా వెళ్ళి గోడ నీడన ఆగింది. సీసా మూత తీసి రెండు గుక్కలు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, మూత బిగించి, ఇంటివైపు నడిచింది.