సంజీవి రాజా గారి సిలోను ప్రయాణం

1960 ఫిబ్రవరిలో మా మద్రాసు కంపెనీ నన్ను రాజపాళయానికి బదిలీ చేసింది. దూర ప్రయాణాలకు ఏర్పాట్లు చేసిపెట్టే కంపెనీ మాది. ఇప్పటివాళ్లు ట్రావెల్ ఏజెన్సీ అంటారు. నా హోదా అసిస్టెంట్. బ్రాంచిలో ఉన్నది నేనొక్కణ్నే కనక ఇన్‌చార్జినీ నేనే, గుమాస్తానూ నేనే, పొద్దున్నే గది ఊడ్చుకునేదీ నేనే. బజారు వీధిలో ఒక పత్తి వ్యాపారి కొట్టు మీది మేడగది మా ఆఫీసు. నన్నే పంపడానికి కారణం నా సామర్థ్యం కాదు, నా తెలుగు. అక్కడి మిల్లు కుటుంబాల్లో ఇంటి భాష తెలుగు కాబట్టి, నెల్లూరు మనిషైతే ఇట్టే కలిసిపోతాడని మా మేనేజరు అనుకున్నాడు. వాళ్ల తెలుగు నా చెవికి అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది. నా తెలుగు వాళ్లకు చివరిదాకా నవ్వులాటగానే ఉండిపోయింది. "నెల్లూరు తంబి పుస్తకం చదివిన మాదిరి మాట్లాడతాడప్పా" అనేవారు.

పరదేశ ప్రయాణమంటే టికెట్టు కొనడమే అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. మా పనిలో టికెట్టు ఆఖరి సంగతి. ముందు పాస్‌పోర్టు దరఖాస్తు, దాని మీద స్థానిక పోలీసు విచారణ, పన్ను బాకీ లేదని ఇన్‌కంటాక్సు వారి సర్టిఫికెట్టు, మశూచికీ కలరాకీ టీకాలు వేయించుకున్నట్టు డాక్టరు సంతకం పెట్టిన పసుపురంగు పుస్తకం, ఆ తరవాత వీసా. వీటన్నిటికీ మించి విదేశీ డబ్బుకు రిజర్వు బ్యాంకు అనుమతి. మిల్లు యంత్రాలు చూసి రావడానికి ఇంగ్లండు వెళ్లే ఇంజనీర్లకు అది దొరికేది. సరదాగా తిరిగి వస్తామనేవాళ్లకు దొరకడం గగనం. కాస్త వీలున్న విహారయాత్ర అంటే సిలోను ఒక్కటే. దానికి కూడా పాస్‌పోర్టు, వీసా అవసరమయ్యాయని చాలామందికి తెలియదు. యుద్ధానికి ముందు టికెట్టు పుచ్చుకుని వెళ్లి వచ్చిన పెద్దలు, ఈ కాగితాలన్నీ నేను కల్పించినవే అన్నట్టు నన్ను చూసేవారు.

అలాంటి పెద్దల్లో మొదటివాడు సంజీవి రాజా గారు. అరవై దగ్గర పడిన మనిషి, మామిడి తోటలున్నాయి, మిల్లులో వాటాలున్నాయి. రాజపాళయంలో రాజుల కుటుంబాలు కోట్టలుగా, అంటే వాడలుగా, ఉంటాయి. ఒక్కో కోట్టకు ఒక చావడి. సాయంత్రమయ్యేసరికి మగవాళ్లంతా అక్కడ చేరతారు. పెళ్లి మాటలు, పొలం తగాదాలు, మిల్లు సంగతులు అన్నీ అక్కడే తేలతాయి. చావడిలో అన్న మాటకు రిజిస్టరు చేయించిన పత్రానికున్నంత విలువ. ఆ చావడిలో ముప్పై ఏళ్లుగా సిలోను కబుర్లంటే సంజీవి రాజా గారివే.

నేనూ విన్నాను. "కాండీలో ఏనుగులు ఏట్లో పక్కకు తిరిగి పడుకుంటాయప్పా. మావటి కొబ్బరి పీచుతో వీపు రుద్దుతా ఉంటాడు, అది కన్ను మూసుకుని సుఖంగా ఉంటుంది. టీ తోటల కొండ మీద మధ్యాన్నం కూడా నోట్లోనించి పొగ వస్తుంది" అని ఆయన చెబుతుంటే, వందసార్లు విన్నవాళ్లు కూడా నోరు తెరుచుకుని వినేవారు. కబుర్లు చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి.

ఆ ఏడు వేసవిలో ఆయన భార్య ఆండాళమ్మ గారు తనూ సిలోను చూడాలని పట్టు పట్టారు. ఆ మాట చావడికి చేరింది. ఇంకేముంది, ప్రయాణం మొత్తం వాళ్లే నడిపించడం మొదలుపెట్టారు. నన్ను పిలిపించి మధ్యలో కూర్చోబెట్టారు. రంగూను వెళ్లొచ్చిన ఒకాయన, ఓడలో కడుపు తిప్పకుండా ఉండాలంటే నిమ్మకాయ వాసన చూడాలన్నాడు. కాశీ తప్ప ఇంకేదీ చూడని మరొకాయన ఊరగాయ జాడీ మూత ఎలా కట్టాలో చాలాసేపు వివరించాడు. కొలంబోలో ఎక్కడ దిగాలి, కాండీకి ఏ బండి ఎక్కాలి అని నేను అడిగితే అందరూ సంజీవి రాజా గారి వైపు తిరిగారు. ఆయన నవ్వి, అదంతా తరవాత చూద్దామన్నారు. చివరికి ఒక్కటి మాత్రం గట్టిగా తీర్మానమయింది. బయలుదేరే రోజు కోట్టంతా స్టేషనుకు రావాలి, పూలమాలలు, మేళతాళాలు ఉండాలి. "పోయిన తూరి పంపినాము కదా, అదే మాదిరి" అన్నాడొక ముసలాయన.

దరఖాస్తు తయారు చేసేముందు మా వృత్తిలో తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇదివరకు ఏ దేశమైనా మిమ్మల్ని రానివ్వకుండా వెనక్కి పంపిందా? ఇది నలుగురిలో అడిగేది కాదు. అందుకని సంజీవి రాజా గారిని ఆఫీసుకు రమ్మని, తలుపు దగ్గరగా వేసి అడిగాను. మామూలుగా అందరూ లేదని తల ఊపేస్తారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కండువాతో మెడ తుడుచుకున్నారు.

"నేను అవతలి గట్టు చూడలేదు తంబీ" అన్నారు.

చావడిలో వినే గొంతు కాదది. ఆయన చెప్పింది ఇదీ. ఆ రోజుల్లో సిలోను వెళ్లేవాళ్లను రామేశ్వరానికి ఇవతల మండపం అనే ఊళ్లో ఆపి, సిలోను సర్కారు డాక్టరు పరీక్ష చేసేవాడు. ఈయనకు దారిలో జ్వరం తగిలింది. క్యాంపులో పడుకోబెట్టారు, తగ్గాక ఓడ ఎక్కనివ్వకుండా తిరిగి వెళ్లమన్నారు. "ఎట్లా తిరిగొచ్చేది? మేళం కొట్టి పంపినారు. మా నాయన అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఏ మొకం పెట్టుకుని మన టేషన్లో దిగేది చెప్పు" అన్నారు. ధనుష్కోటిలో ఒక సత్రంలో దిగి, రోజూ రేవుకు వెళ్లి, ఓడ దిగి వచ్చేవాళ్లను కూర్చోబెట్టి అడిగారట. ఏనుగులూ టీ తోటలూ అన్నీ వాళ్లు చెప్పినవే. "మొదట ఒక్క మాట చెప్పినాను తంబీ. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నారు. తరవాత నిలపడానికి కాలేదు."

అప్పుడు అసలు సంగతికొచ్చారు. పాస్‌పోర్టు రాలేదని నేను అందరికీ చెప్పేయాలట. ఏజెంటు మాటంటే ఎవరూ కాదనరు. మళ్లీ మండపంలో డాక్టరు ముందు నిలబడి, ఈసారి ఆండాళమ్మ గారి ఎదుటే వెనక్కి పంపించుకోవడం తనవల్ల కాదన్నారు. నిజం చెప్పాలంటే నాకు ముందు కోపమొచ్చింది. అంతమందిని అన్నేళ్లు నమ్మించి, ఇప్పుడు ఆ అబద్ధంలోకి నన్నూ లాగుతున్నాడే అనిపించింది. ఆ వంగిన భుజాలు చూశాక కోపం నిలవలేదు. సర్కారు కాగితం రాలేదని అబద్ధమాడటం మా వృత్తిలో కుదరదని మాత్రం చెప్పాను. వద్దనుకుంటే దరఖాస్తు ఆపుకోవచ్చు, కానీ ఆ మాట మీరే ఇంట్లో చెప్పుకోవాలి అన్నాను. ఆయన సరేనని లేచి వెళ్లారు. ఇంట్లో ఏమీ చెప్పలేదని తరవాత తెలిసింది.

నాలుగు రోజులు పోయాక టీకాల విషయం మాట్లాడాలని ఆండాళమ్మ గారు కబురు పెట్టారు. రాజా గారు తోటకు వెళ్లిన వేళ చూసి పిలిచారని ఇంటికి వెళ్లాకే అర్థమైంది. కాఫీ ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"ఆయన నీ దగ్గరికి ఒంటిగా వచ్చినాడంటనే. పయనం నిలపమన్నాడా?"

నేను కాఫీ ఊదుకుంటూ కూర్చున్నాను. ఒక ఖాతాదారు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదు, ఇంకొకరు భార్య అయినా సరే.

"నువ్వు చెప్పొద్దులే. నేనే చెప్తాను. ఆయన సిలోను పోలేదు" అన్నారామె తాపీగా.

గ్లాసు కింద పెట్టాను. ఎలా తెలుసమ్మా అన్నాను. "ఆ పయనం నించి నాకు శంఖుల మాల, తాటాకు పెట్టె తెచ్చినాడు. సిలోనుదని చెప్పినాడు. అప్పుడు నేను కొత్త పెండ్లికూతురిని. మా అమ్మమ్మ రామేశ్వరం పోయినప్పుడంతా అదే మాల, అదే పెట్టె తెస్తుంది. చూసిన గడియనే తెలిసె" అని నవ్వారు. ఇన్నేళ్లూ ఒక్కసారైనా అడగలేదా అంటే, "ఏంటికి అడిగేది? చావడిలో మాట పోతే ఆయన మళ్లీ అక్కడ పోయి కూర్చోగలడా?" అన్నారు.

మరి ఇప్పుడు ఎందుకు వెళ్లాలంటున్నారని అడిగాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ కథ చెప్పినప్పుడంతా ఆయన ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినడు తంబీ. విన్నోళ్లు నవ్వుకుంటా పోతారు, ఈయన గోడ దిక్కు తిరిగి పడుకుంటాడు. ముప్పై ఏండ్లు చూసినాను. ఒక్క తూరి ఆ మన్ను తొక్కినాడంటే చాలు. నాకు ఏనుగులు వద్దు, టీ తోటలూ వద్దు." గ్లాసు తీసుకుని లేస్తూ, "చూడాలనీ ఉండాదిలే. అబద్ధం ఏంటికి" అన్నారు.

ఆ తరవాతి పథకమంతా ఆమెదే. నాకు దిష్టి భయం, మేళం గీళం ఏమీ వద్దు, సిలోను సంగతి తరవాత, ముందు రామేశ్వరం దర్శనానికి పోతున్నామని మాత్రం చావడిలో చెప్పండి అని భర్తను అడిగారు. సంజీవి రాజా గారి ముఖం వికసించిందని వేరే చెప్పాలా! వెనక్కి పంపినా ఊళ్లో ఎవరికీ తెలియదు, రామేశ్వరం వెళ్లి వచ్చినట్టే అవుతుంది. నిలపమన్న మాట ఆయన మళ్లీ నా దగ్గర ఎత్తలేదు. నా వంతు పని నేను చేశాను, ఇద్దరి దరఖాస్తులూ పంపాను. టీకాలు బాగా ముందుగా వేయించాను, ఎందుకంటే వేసిన కొన్ని రోజులకు గానీ ఆ పుస్తకం చెల్లదు. ఊరి డాక్టరు చేత ఆరోగ్య పత్రం రాయించాను. పాస్‌పోర్టులు వచ్చినప్పుడు, వచ్చాయని బజారులో ఎవరికీ చెప్పలేదు. పెద్దవయసు వాళ్లకు రేవుదాకా కంపెనీ మనిషి తోడు వెళ్లవచ్చు కాబట్టి, మద్రాసు అనుమతి తీసుకుని నేనే బయలుదేరాను. మదురైలో బండి మారి ముగ్గురం మండపం చేరాం.

క్యాంపు డాక్టరు మంచివాడు. పుస్తకాలు చూశాడు, కనురెప్పలు విప్పి చూశాడు, నాడి పట్టుకున్నాడు. రాజా గారి చెయ్యి వణుకుతోంది. ఎందుకు వణుకుతున్నారని డాక్టరు తమిళంలో అడిగాడు. నా వృత్తిజీవితంలో ఎవరి పరీక్ష కోసమూ నేనంత భయపడలేదు. ఆండాళమ్మ గారు తన చెయ్యి కూడా చాపి, మాది ముసలి వణుకు, కావాలంటే నాదీ చూడండి అన్నారు. డాక్టరు నవ్వి ముద్ర వేశాడు. రాజా గారు లేవలేదు. ఇంకేమైనా పరీక్ష ఉందా అని అడిగారు. లేదన్నాక ఇంకోసారి అడిగారు.

ధనుష్కోటి రేవులో, మా ఊరి పక్కనున్న సత్రపట్టి నుంచి వచ్చిన, గాయాలకు కట్టే గాజుగుడ్డ వ్యాపారి ఒకడు వరసలో కనిపించాడు. రాజా గారిని గుర్తుపట్టి, మీకేమండీ, దారంతా తెలిసినవారు అన్నాడు. అప్పటికి ఓడ ఎక్కే చెక్క దాకా వచ్చాం. రాజా గారు అక్కడ ఆగిపోయారు. వెనక జనం గొణగడం మొదలుపెట్టారు. ఆండాళమ్మ గారు ఆయన పక్కకు వచ్చి, ఆ వ్యాపారికి కూడా వినపడేలా అన్నారు.

"మీరు చూసిన ఊరే కదా. ముందర నడవండి. నేను వెనకాల వస్తాను."

ఆయన తలతిప్పి ఆమె ముఖంలోకి చూశారు. తరవాత చెక్క మీద కాలు పెట్టారు. ఆమెకు అంతా తెలుసని ఆయనకు ఆ నిమిషంలో అర్థమైందో లేదో నాకు తెలియదు. ఓడ కదిలేదాకా నేను రేవులోనే ఉన్నాను.

వాళ్లు తిరిగొచ్చాక చావడిలో గోలగోల అయింది. రామేశ్వరమని చెప్పి అట్లానే సిలోను పోయి వస్తారా, మాలలు వేయనివ్వరా అని అందరూ అలిగారు. కోపాలు తీరాక, మేళం సంగతి ఎత్తిన ఆ ముసలాయనే, అప్పటికీ ఇప్పటికీ సిలోను ఎట్లా ఉండాదని అడిగాడు. నేను గోడవారగా కూర్చుని వింటున్నాను.

సంజీవి రాజా గారు తొందరపడలేదు. "అప్పుడు నేను సరిగ్గా ఏమీ చూడలేదప్పా. ఇప్పుడే చూసినాను" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కడుపునిండా భోంచేశారని ఆండాళమ్మ గారు మర్నాడు నాకు చెప్పారు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా, ఎంత పెద్ద ఇంటివాళ్లయినా భార్యాభర్తలు దరఖాస్తుకు వస్తే ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడేవాణ్ని. ఒకరి మాట రెండోవారికి చేరవేయలేదు. ఎక్కడికి వెళ్తారన్నది ఎవరైనా చెబుతారు. ఎందుకు వెళ్తున్నారన్నది చాలాసార్లు వెళ్లే మనిషి కంటే పక్కనున్న మనిషికే బాగా తెలుస్తుందని ఆ ప్రయాణం నాకు నేర్పింది.