భాయ్ ఎత్తిన చెయ్యి

ముషర్రఫ్ భాయ్ తాను కోచ్‌నని చెబితే అమీర్‌పేటలో అందరూ అడిగేది ఒకటే: "ఏ కోర్సు?" ఫుట్‌బాల్ అనగానే మొహం తిప్పేసుకుంటారు. నాకైతే ఒళ్లు మండేది. భాయ్ మాత్రం నవ్వేసి వాళ్ల నోట్సుకు జిరాక్సులు తీసి ఇచ్చేవాడు. పొద్దున్నే మధురానగర్ గ్రౌండ్‌లో పిల్లలకు కోచింగ్, పగలంతా జిరాక్సు షాపు, ఆదివారం మ్యాచ్. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు.

మాది సిటీ లీగ్‌లో బి డివిజన్ టీమ్. పేపర్లో మా స్కోరు కూడా రాదు. భాయ్ డిఫెండర్. నేను, ఫణీంద్రని, అతని వెనక గోల్‌కీపర్ని. పద్నాలుగేళ్లు ఆ వీపు చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ వనిత మొహం కూడా అంతసేపు చూసి ఉండను.

భాయ్ చెయ్యికి మా లీగ్‌లో ఒక పేరుంది. అవతలివాడు మన డిఫెండర్లను దాటి ముందే వెళ్లి నిలబడి బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్, ఆ గోల్ చెల్లదు. అది చూసి జెండా ఎత్తడం లైన్‌మన్ పని. మా డివిజన్ లైన్‌మన్లు మాత్రం బంతిని వదిలేసి, భాయ్ చెయ్యి లేచిందా లేదా అని చూసేవాళ్లు. అతను అబద్ధంగా ఎప్పుడూ ఎత్తలేదు మరి. పిల్లలను మాత్రం అసలు ఎత్తనిచ్చేవాడు కాదు. "చెయ్యి ఎత్తి ఆగినోళ్లకు ఐదు రౌండ్లు. రెఫరీ విజిల్ ఊదేదాక ఉరకాలె," అనేవాడు. ఎంత ఏడ్చినా వదిలేవాడు కాదు.

రెండేళ్ల కిందట అతని కుడి మోకాలు పాడైంది. సోమాజిగూడలో చూసిన డాక్టరు ఆట మానేయమన్నాడు. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నేను వేశాను, బుద్ధి లేక.

ఈ ఏడు చివరి మ్యాచ్ ఓడితే సి డివిజన్‌కు పడిపోతాం. పడితే టీమ్ మూసేస్తానని సెక్రటరీ బుచ్చిబాబు గారు ముందే చెప్పేశారు. గ్రౌండ్ పర్మిషన్ టీమ్ పేరు మీదే ఉంది. టీమ్ పోతే పిల్లల కోచింగూ పోతుంది.

"డ్రా అయినా చాలు. గీ ఒక్క మ్యాచ్ జర కాపాడుకుందాం ఫణీ," అన్నాడు భాయ్.

పిల్లలంతా చూడ్డానికి వచ్చారు. ఎనభై ఎనిమిదో నిమిషం దాకా ఎవరికీ గోల్ పడలేదు. అప్పుడు అవతలి స్ట్రైకర్ తనవాళ్లు పంపిన బంతి అందుకుని భాయ్ పక్కనుంచి దూసుకొచ్చాడు. భాయ్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. చెయ్యి ఎత్తాడు.

నేనూ ఆగాను. ఆ చెయ్యి లేస్తే ఆగడమే నాకు అలవాటు. ఆ రోజు లైన్‌మన్ కొత్తవాడు, భాయ్‌ని ఎరగడు. జెండా లేవలేదు, విజిల్ మోగలేదు. బంతి నా పక్కనుంచే మెల్లగా లోపలికి పోయింది.

మావాళ్లంతా లైన్‌మన్‌ని తిట్టారు. నేనైతే మా రాజమండ్రి తిట్లన్నీ వాడేశాను. పంజాగుట్ట దాకా బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. భాయ్ కుడి మోకాలి మీంచి చెయ్యి తియ్యలేదు.

మర్నాడు పొద్దున గ్రౌండ్‌లో పిల్లలు వరసగా నిలబడ్డారు. హైందవి అని పదకొండేళ్ల పిల్ల, ఉండబట్టలేక అడిగింది.

"లైన్‌మన్ చీటింగ్ చేసిండు కదా సార్?"

"లేదు బేటా. ఆయన కరెక్టే చూసిండు. అది ఆఫ్‌సైడ్ కాదని నాకు సుత తెలుసు. కాలు కదలలే. ఉరకలేకపోతున్నానని మీకు తెలుస్తదని చెయ్యి ఎత్తిన."

పిల్లలు తలలు దించుకున్నారు.

"చెయ్యి ఎత్తి ఆగినోళ్లకు ఎన్ని రౌండ్లు?"

భాయ్ మళ్లీ అడిగాడు.

"ఐదు సార్," అంది హైందవి, ఏడుపు గొంతుతో.

భాయ్ కుంటుతూ రౌండ్లు మొదలుపెట్టాడు. ఆ మోకాలి సంగతి తెలిసీ నోరు మూసుకున్నవాణ్ణి నేను. విజిల్ మోగకుండానే ఆగిపోయినవాణ్ణి కూడా నేనే. లేస్ బిగించుకుని వెళ్లాను.

"నువ్వెందుకు?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"నేనూ ఆగాను కదా భాయ్."

అతన్ని దాటి పోవడానికి నాకు కాళ్లు రాలేదు. ఐదు రౌండ్లూ ఆ వీపు వెనకే నడిచాను.