పెట్టెల రాజు కట్టిన ఓడ

ఆగిరిపల్లి చుట్టుపక్కల పెట్టెల రాజంటే తెలియని తోట లేదు. అసలు పేరు సువర్ణరాజు. ఇరవయ్యారేళ్ళ పాటు నూజివీడులో సత్యనారాయణమూర్తిగారి మామిడికాయల యార్డులో చెక్కపెట్టెలు కొట్టాడు. నోటినిండా మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే పెదాల మధ్య నుంచి తీసి, రెండు దెబ్బల్లో దించేవాడు. మూడో దెబ్బ పడిందంటే ఆ రోజు ఒంట్లో బాగా లేదని లెక్క. బద్దకీ బద్దకీ నడుమ వేలు పట్టేంత సందు వదిలేవాడు. కాయకి గాలి ఆడాలి. సందు లేని పెట్టెలో బంగినపల్లి రెండు రోజుల్లో ఉడికిపోతుంది. ఈ సంగతి అతని బుర్ర ఎప్పుడో మరిచిపోయింది, చెయ్యి మాత్రం మరవలేదు.

ఆ తరవాత ప్లాస్టిక్ ట్రేలొచ్చాయి. వాటి వెనకాలే అట్టపెట్టెలు. ఒక ఏప్రిల్లో యార్డుకి వెళ్ళేసరికి, అతను కూర్చునే రేకుల షెడ్డులో నీలం ట్రేలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మూర్తిగారు మంచివాడే. మంచివాళ్ళకి ఇలాంటప్పుడు మొహం ఎటు తిప్పుకోవాలో తెలియదు, అంతే. ఆ సీజనంతా అతని చేత అట్టపెట్టెలకి టేపు వేయించి, ఆఖరి లారీ వెళ్ళిన రోజున ఇంట్లోంచి పొడవాటి డబ్బా ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు.

"మా మనవరాలు హరిత లేదూ, లాక్‌డౌన్లో ఆన్‌లైన్లో తెప్పించింది రాజూ. ఓడంట. అన్నీ ముక్కలే, మనమే కట్టుకోవాలంట. రెండు ముక్కలు అతికించి మంచం కింద పడేసింది. నీ చేతికైతే లొంగుద్ది, తీసుకెళ్ళు."

ఇరవయ్యారేళ్ళ కొలువుకి అదే వీడ్కోలు.

ఇంటికి తెచ్చి మూత తీస్తే, అంగన్‌వాడీ నుంచి అప్పుడే వచ్చిన భార్య దయామణి తొంగిచూసింది.

"పనడిగితే బొమ్మిచ్చి పంపారా? నీకింకా పాలపళ్ళు ఊడలేదనుకున్నారా ఏంటి మూర్తిగారు?"

లోపల అగరొత్తుల కట్టల్లా సన్నటి బద్దలు, ఓడ పక్కటెముకల ఆకారంలో కోసిన పల్చటి చెక్కలు, ఆవగింజంత తలలున్న మేకులు, దారపుండలు, నాలుగు పెద్ద కాగితాల నిండా గీతల బొమ్మలు, వాటితో పాటు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఒక మేకు తీసి అలవాటుగా పెదాల మధ్య పెట్టుకోబోయాడు. అది ఎక్కడ పడిందో మళ్ళీ కనపడలేదు. దయామణి పడీపడీ నవ్వింది.

పుస్తకం చదవడానికి శ్యామ్ సుందర్ దొరికాడు. దయామణికి తమ్ముడు, బి.ఏ. చదివాడు. మూడు ప్రైవేటు స్కూళ్ళలో చెప్పాడు. ఒకటి మూతపడింది, రెండింట్లో వాళ్ళే పొమ్మన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కగారింట్లో కోడికూర తిని పోవడం అతని అలవాటు. డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు.

"బావా, దీన్ని నువ్వు చదవలేవు, నేను కట్టలేను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క."

ఆ మాట సువర్ణరాజుకి నచ్చింది. యార్డు పని పోయాక అతనితో ఎవరూ "ఇద్దరం" అని అనలేదు.

అలా మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం శ్యామ్ సుందర్ ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేవాడు. సువర్ణరాజు కింద చాప మీద కూర్చుని వినేవాడు. విన్నది వారమంతా చేసేవాడు. వెన్నుబద్ద నిలబెట్టి, పక్కటెముకలు ఒక్కొక్కటే గాళ్ళలో దింపి, మూలమట్టం పెట్టి సరిచూసి, బంక ఆరేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఓడ మొత్తం కలిపి మూరెడు. అందులో వెంట్రుకవాసి తేడా వస్తే చివరకి మూతి వంకరపోతుంది.

పక్కలకి బద్దలు అతికించే వంతు వచ్చింది. "పక్కటెముకల మీద బద్దలు వరసగా వెయ్యాలి బావా, పైనుంచి కిందకి" అని చదివి వెళ్ళిపోయాడు శ్యామ్ సుందర్. పై ఆదివారం వచ్చి చూసి, కుర్చీలో కూర్చోకుండానే కడుపు పట్టుకుని నవ్వాడు.

"అక్కా, ఒకసారి ఇట్రా! బావ ఓడకి సందులు వదిలాడే!"

నిజమే. బద్దకీ బద్దకీ నడుమ గోరు పట్టేంత ఖాళీ. రెండు వైపులా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, కొలిచి పెట్టినట్టు ఒకే తీరు.

"గాలాడాలి కదరా" అన్నాడు సువర్ణరాజు. అన్నాక గాని తన మాట తనకి వినపడలేదు.

"లోపల చిన్న రసాలు సర్ది ఢిల్లీ పంపుతాడేమోలే" అంది దయామణి. ముగ్గురూ నవ్వారు. అందరి కంటే ఎక్కువ అతనే నవ్వాడు. ఆ నవ్వులో ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు.

ఆ బద్దల్ని ఊడదీయడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి, బద్ద మీద వేసి, బంక మెత్తబడ్డాక దబ్బళం మొనతో లేపేవాడు. ఒక్కటీ విరగలేదు. రెండోసారి ప్రతి బద్దకీ కొసలు సన్నంగా చెక్కాడు. మరిగే నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు చుట్టూ ఆనించి వంచాడు. ఈసారి బద్దల నడుమ వెంట్రుక కూడా దూరదు. తెరచాపల తాళ్ళకి పీచు లేవకుండా, క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తి ముక్కల మీద దారం రుద్దాడు. మామిడి పూత విచ్చే నాటికి మూడు తెరచాప కొయ్యల ఓడ బల్ల మీద నిలబడింది.

అప్పుడే శ్యామ్ సుందర్ మాట ఒకటి మోసుకొచ్చాడు. మైలవరం వెళ్ళే దారిలో ఓ ఇంగ్లీషు మీడియం స్కూలుంది. పిల్లలకి చేతిపని నేర్పే సారు కావాలంటున్నారు. వచ్చే శనివారం అక్కడ ఎగ్జిబిషను.

"ఓడ తీసుకెళ్ళి చూపిద్దాం బావా. నీ సంగతి నేను మాట్లాడతాగా. ఇంత పనితనం చూశాక కాదంటారా?"

"నాకు ఇంగ్లీషు రాదు కదరా."

"చెక్కకి ఇంగ్లీషెందుకు బావా!"

ఆ వారం సువర్ణరాజు తిన్నాడో లేదో దయామణికే తెలియాలి. తోటల వెంట నడుస్తూ మొదటి పాఠం వల్లించుకున్నాడు. "పిల్లలూ, దీన్ని చిత్రిక అంటారు. దీంతో చెక్కని గీకకూడదు, దువ్వాలి." గీకడం అనాలా, గోకడం అనాలా అని ఆగి ఆలోచించాడు. పిల్లలు వేళ్ళు కోసుకోకుండా ఉలి ఎలా పట్టించాలో గాల్లో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. యాభై మూడేళ్ళ మనిషి. చెక్క వాసన లేని చోట బతకడం అతనికి చేతకావడం లేదు. ఆ ఉద్యోగం వస్తే మళ్ళీ చెక్క దగ్గర కూర్చోవచ్చు. అంతకు మించి ఆశేమీ లేదు.

శనివారం తెల్లచొక్కా వేసుకుని, ఆటోలో ఓడని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా తను లేచి, ఓడని కదలనివ్వలేదు. దయామణి కూడా వచ్చింది. దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది.

స్కూల్లో బల్ల మీద ఓడని పెట్టాక, శ్యామ్ సుందర్ జేబులోంచి ఇంగ్లీషులో అచ్చేసిన కార్డు తీసి దాని ముందు నిలబెట్టాడు.

"ఏం రాయించావురా?"

"ఓడ వివరాలు బావా. నువ్వు ఆ కిటికీ పక్కన నుంచో, ఇక్కడ రద్దీ అవుద్ది."

హెడ్‌మిస్ట్రెస్ మాధురిగారు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. శ్యామ్ సుందర్ ఇంగ్లీషులో గడగడా మాట్లాడాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వంగి, తాళ్ళ ముళ్ళు చూసి, "మైగాడ్, మీ ఓపికకి దండం పెట్టాలండీ" అంది. ఆవిడ చూస్తున్నది శ్యామ్ సుందర్ కేసి. సువర్ణరాజుకి ఇంకా తట్టలేదు. మాట్లాడేవాడి మొహమే కదా ఎవరైనా చూసేది అనుకున్నాడు.

అప్పుడు శ్యామ్ సుందర్ పిల్లల వైపు తిరిగి తెలుగులోకి వచ్చాడు.

"కష్టం ఎక్కడొచ్చిందో చెప్పనా? నాకు సాయంగా మా బావని పెట్టుకున్నా. ఆయన మామిడికాయల పెట్టెలు కొట్టేవాడు. బద్దలు అతికించమంటే గాలాడాలని సందులు వదిలేశాడు! ఓడకి! మొత్తం ఊడదీసి మళ్ళీ నేనే కట్టాల్సొచ్చింది. పదకొండు రోజులు!"

పిల్లలు ఘొల్లుమన్నారు. మాధురిగారు కూడా నవ్వి, కిటికీ దగ్గరున్న సువర్ణరాజుని చూసి, నొచ్చుకుంటాడేమోనని కాబోలు, మెత్తగా అంది. "మీరేనాండీ? హెల్ప్ చేసినందుకు థాంక్సండి. జాగ్రత్తగా మోసుకొచ్చారు కూడా."

చేసిన పనంతా వాడిదైంది. చేసిన తప్పు ఒక్కటీ ఇతనికి మిగిలింది. ఆ పదకొండు రోజుల్ని కూడా లెక్క తప్పకుండా పట్టుకుపోయాడు. దొంగ అయినవాడు పనికిరాని సామాను వదిలిపెడతాడంటారు. వీడు వదిలింది అదే.

సువర్ణరాజు నోరు తెరిచాడు. చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది, అది అబద్ధమని. ఆ మాట అనబోతూ దయామణి కేసి చూశాడు. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పర్సు జిప్పు లాగుతూ వేస్తూ ఉంది. తల ఎత్తలేదు. ఆశ్చర్యపడ్డ మనిషి అలా కూర్చోదు.

ఇంటికి వచ్చాక చెప్పులు విడవకుండానే అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"వాడు ఆ స్కూలు మాట ఎత్తినప్పట్నించి." నీళ్ళ చెంబు తెచ్చి అతని ముందు పెట్టింది. "అలా చూడకయ్యా. ఇంగ్లీషు రాని మనిషికి వాళ్ళు సారు పనిస్తారా? నువ్వు తెలుగులోనే నాలుగు మాటలకి తడుముకుంటావు. నీకెలాగూ రాని పని వాడికొస్తే ఇద్దరు పసివాళ్ళు తింటారు. అందులో నీకు పోయిందేంటి?"

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఒప్పుకుంటావా?"

"అడిగితే ఇచ్చేవాణ్ణే" అన్నాడు సువర్ణరాజు. "ఆ ఓడా, ఆ పేరూ వాడి చేతిలో పెట్టి ఆటో ఎక్కించేవాణ్ణి. ఆ సందుల మాట ఒక్కటి చెప్పకుండా ఉంటే చాలు."

దయామణికి ఆ మాట అర్థం కాలేదు. ఓడంతా ఇచ్చేవాడు ఒక్క నవ్వు దగ్గర పట్టుబట్టడమేమిటో ఆమెకి ఈనాటికీ అర్థం కాదు.

శ్యామ్ సుందర్‌కి ఉద్యోగం వచ్చింది. ఓడ ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో ఉండిపోయింది. ఆదివారాలు రావడం మానేశాడు. మళ్ళీ వచ్చింది జూలైలో, చంకలో కొత్త డబ్బాతో. మాధురిగారు ఇంకో ఓడ తెప్పించిందట. స్కూలు వార్షికోత్సవానికి పిల్లల చేత కట్టించాలట, క్రాఫ్టు సారు దగ్గరుండి.

"బావా, కోపముంటే రెండు తిట్టు, పడతా. కానీ పని చూడు. వారానికి కాస్త కాస్త చేసిస్తే నేను క్లాసులో అతికిస్తా. ఆదివారాలు వచ్చి చదువుతాగా, ఎప్పటిలాగే."

"చేసివ్వొచ్చు కదయ్యా" అంది దయామణి వంటింట్లోంచి. "నీకూ పొద్దుపోద్ది."

సువర్ణరాజు డబ్బాని కాలికి అడ్డం లేకుండా గోడ వారకి జరిపాడు. శ్యామ్ సుందర్ అదే ఒప్పుకోలు అనుకుని, డబ్బా వదిలి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సువర్ణరాజు దాన్ని విప్పాడు. చెక్క వాసన గుప్పుమంది. బద్దల కట్ట చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమిరాడు. ఇది కిందటిదాని కంటే మేలురకం. గీతల కాగితం పరిచాడు. మొదటి బొమ్మ, రెండోది, ఏడోది. ఏ ముక్క ఏ గాడిలో దిగుతుందో, ఏది ముందో ఏది వెనకో అంతా బొమ్మల్లోనే ఉంది. అక్షరాలు పక్కన ఈగల్లా ముసిరాయి గాని, వాటితో పనే లేదు. కిందటిసారి కూడా లేదన్నమాట. అన్ని ఆదివారాలూ వాడు చదివింది వినక్కర్లేదు. తను విన్నది ఓడ కోసం కాదు, పక్కన ఒక మనిషి కూర్చున్నాడని విన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. బద్దల మీద పడకుండా పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ముక్కలన్నీ ఎలా ఉన్నవి అలా సర్ది, మూతకి తాడు కట్టి, మోపెడ్ మీద పెట్టుకుని స్కూలుకి వెళ్ళాడు. ఆరో తరగతి గదిలో శ్యామ్ సుందర్ పిల్లల చేత రంగుకాగితాలు మడిపిస్తున్నాడు. గుమ్మంలో బావని చూసి సుద్దముక్క జారవిడిచాడు.

"ఏంటి బావా, ఇలా వచ్చావ్?"

"నీ డబ్బా ఇచ్చిపోదామని."

ముందు వరసలో ఓ పిల్ల పక్కపిల్లని మోచేత్తో పొడిచింది. "ఈయనే సారు హెల్పరు. సందులు వదిలాడే, ఆయన."

"అవునమ్మా, నేనే" అన్నాడు సువర్ణరాజు. "హెల్పరు పని ఇవాళ్టితో మానేశాను. ఇంక మీ సారే కట్టి చూపిస్తారు." డబ్బాని బల్ల మీద పెట్టి తాడు విప్పి, ఆ తాడు జేబులో వేసుకున్నాడు. "మొదలెట్టండి సారూ."

శ్యామ్ సుందర్‌ని అతను "సారూ" అనడం అదే మొదలు, అదే చివర.

దీంతో వాడి ఉద్యోగం పోయిందనుకునేరు. పోలేదు. తేమ తగిలి ముక్కలు వంకరపోయాయని మాధురిగారికి చెప్పాడట. ఆవిడ నమ్మిందట. వార్షికోత్సవానికి పిల్లల చేత అట్టముక్కలతో విమానం చేయించాడు, చప్పట్లు పడ్డాయి. మన దగ్గర నిజం బయటపడేది నమ్మేవాళ్ళకి అవసరమైనప్పుడే.

సువర్ణరాజు ఇప్పుడు సీజనుకి మళ్ళీ యార్డులో కూలికి టేపు వేస్తాడు, మిగతా నెలల్లో తోటలకి కాపలా వెళతాడు. ఆదివారం ఆరాధన నుంచి రాగానే దయామణి కోడికూర వండి, సగం క్యారేజీలో సర్దుకుని తమ్ముడింటికి వెళుతుంది. పొద్దు వాలాక వస్తుంది. అతను తలుపు తీస్తాడు. పిల్లలు బాగున్నారా అని అడుగుతాడు. వాడి సంగతి అడగడు, ఆమె చెప్పదు.