ఆళ్లగడ్డ పెట్టెలో దొరికిన వస్తువు

నేను కోడలిగా నంద్యాలకు వచ్చేనాటికి మా అత్తవారిది పాత సామాన్ల అంగడి. ఎనభైల మొదట్లో మాట. మా బంధువుల్లో తక్కినవాళ్లు బట్టలో, బెల్లమో, నూనెలో అమ్ముకునేవాళ్లు. వాళ్ల లెక్కలో మేము చెత్త అమ్ముకునేవాళ్లం. పెళ్లిళ్లలో మొదటి బంతికి మమ్మల్ని ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

ముందువైపు తక్కెడ దగ్గర మామగారు కూర్చునేవాడు. వెనక రేకుల కొట్టంలో అత్తా నేనూ వచ్చిన సరుకును ఏరి వేరుచేసేవాళ్లం. రాగి ఒక మూల, ఇత్తడి ఒక మూల, ప్లాస్టిక్ ఒక గోతంలో. రబ్బరు కుప్ప గోడవారగా ఉండేది. అప్పుడప్పుడు లారీ వచ్చి దాన్ని ఎత్తుకుపోయేది. చెప్పుల అట్టలు చేస్తారని చెప్పేవాళ్లు.

మా మామగారు కొనని వస్తువు లేదు. ఆసుపత్రుల్లో రోగుల కింద పెట్టే పళ్లాలు కొనేవాడు. చచ్చిపోయినవాళ్ల కట్టుడు పళ్లు కొనేవాడు. వాటిని ఒట్టి చేతులతో ఎత్తి తూచి, అవే చేతులతో లక్ష్మీదేవి పటానికి కనకాంబరాలు పెట్టేవాడు. మైల కాదా అని ఎవరైనా అడిగితే, సరుకు సరుకే అనేవాడు. ఆయన ధైర్యం చూసి నాకు గౌరవంగానే ఉండేది. ఆ గౌరవం ఎక్కువ కాలం నిలవలేదు.

ఆళ్లగడ్డలో పత్తి వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన పోయాడు. కర్మాంతరం ముగిసీ ముగియకముందే ఆయన పెద్దకొడుకు ఇంట్లోని పాత సామానంతా ట్రాక్టరుకెత్తించి మా అంగడికి తోలుకొచ్చాడు. కోళ్లు విరిగిన మంచం, పలకని రేడియో, చిల్లు పడిన గంగాళం, తాళం వేసిన ఇనప్పెట్టె. తండ్రి వస్తువులను అంత తొందరగా వదిలించుకున్న కొడుకును నేను అంతకుముందు చూడలేదు. పెట్టె తాళంచెవి వెతికే ఓపిక కూడా లేదాయనకు. తాళంతో సహా తూచమన్నాడు.

మరుసటి పొద్దున అత్త సుత్తితో తాళం పగలగొట్టింది. పైన పాత పంచెలు, కలరా ఉండల వాసన. అడుగున ఒక పట్టు కండువాలో చుట్టిన అట్టపెట్టె. దాని మీద ఏదో విదేశీ రాత. లోపల తెల్లటి ప్లాస్టిక్ యంత్రం ఒకటి, చేతి టార్చిలైటు అంత. దాని పక్కన రబ్బరువి రెండు. వాటి ఆకారం గురించి చెప్పాల్సిన పని లేదు. చేసినవాడు మొహమాటపడలేదు.

అత్త యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొన మెలితిప్పగానే అది చేతిలోనే జుయ్యిమని మోగింది. గబుక్కున గోతం మీద పడేసింది.

"ఏందీ ఇది? మజ్జిగ చిలికేదా?"

నేను రబ్బరు వాటి వైపు చూశాను. నాకు అర్థమైంది. అత్త నా మొహం చూసింది, తర్వాత వాటిని చూసింది, మళ్లీ నా మొహం చూసింది.

"ఓహో," అంది. "కప్పెట్టు పాపా, బేగా. మీ మామ వస్తాండాడు."

మామగారు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ఒక్క చూపు చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నారాయణ, నారాయణ" అంటూ బావి దగ్గరికి పోయి తలమీద నీళ్లు పోసుకున్నాడు. రోగుల పళ్లాలు తూచిన మనిషి, ఎవరి నోట్లోనో ఉన్న పళ్లు గీరి బంగారం ఉందేమో చూసిన మనిషి, ఒక రబ్బరు ముక్కను చూసి తలస్నానం చేశాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర పంచాయితీ. దాన్ని ఏం చేయాలి? అప్పట్లో దానికి మా ఇంట్లో పేరు కూడా లేదు. 'అది' అనేవాళ్లు.

"రబ్బరు రబ్బరులో కలిపేస్తే పోలా?" అంది అత్త.

మామగారు ముద్ద పక్కన పెట్టేశాడు. "అది కరిగి చెప్పులై ఎవురి కాళ్లకు పోతాదో! ఆ కాళ్లతో దేవళానికి పోతే? ఆ పాపం యాడ కడుక్కోవాల?"

"చెప్పులు దేవళం బయటనే గదా ఇడిచేది," అంది అత్త.

ఆయన ఆమె మీద అరిచాడు. మా ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు పెరుగన్నం కలుపుకుంటూ, "కుందూ ఏట్లో పారేద్దాం నాయనా," అన్నాడు. ఏమీ ఎరగని ఆ మనిషే సాయంత్రం టీ అంగడి దగ్గర స్నేహితులకు అంతా చెప్పేశాడు.

తెల్లారేసరికి మా అంగడికి ఎన్నడూ లేనంత గిరాకీ. మమ్మల్ని మొదటి బంతికి పిలవని బట్టల అంగడి బంధువు పాత తాళం ఒకటి కావాలని వచ్చాడు. ఆసుపత్రి కాంపౌండరు గొళ్లెం కోసం వచ్చాడు. వచ్చినవాళ్లంతా నట్టులకూ బోల్టులకూ వెతుకుతున్నట్టు వెనక కొట్టంలోకి నడిచేవాళ్లు. అత్తా నేనూ లేచి పక్కకు పోయేవాళ్లం. మామగారు గోతపు పట్టాను కట్టెతో పైకెత్తి చూపించేవాడు. "ఛీ" అనేవాళ్లు. ఛీ అన్నవాళ్లలో ఒక్కసారి చూసి ఊరుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఒక రిటైరైన అయ్యవారు వచ్చాడు. బడిపిల్లలకు నీతులు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన మనిషి. దేశం యాడికి పోతాందో అని కొట్టంలో చాలాసేపు బాధపడ్డాడు. బాధపడుతూనే యంత్రం ఎక్కడ తిప్పితే మోగుతుందో కనుక్కున్నాడు. ఆయన పోయాక మేము లోపలికి వస్తే అది ఇంకా మోగుతూనే ఉంది. ఆపడం మరిచిపోయాడు.

ఇక చచ్చిపోయినాయన మీద కట్టని కథ లేదు. బొంబాయిలో ఇంకో సంసారం ఉందన్నారు. పత్తి వంక పెట్టుకుని అందుకే పోయేవాడన్నారు. ఆయన బతికున్నప్పుడు ఆయన జీపు కనిపిస్తే లేచి నిలబడినవాళ్లే ఈ మాటలన్నీ అన్నది.

ఆ మాట ఆళ్లగడ్డ చేరింది. పెద్దకొడుకు జీపులో దిగాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏమప్పా, మా నాయన పేరు బజార్లో పెడతాండారంట?"

"మేమేం చేస్తిమి నాయనా? మీ పెట్టెలో ఉండె," అన్నాడు మామగారు.

"మా పెట్టెలో అట్లాటిది లేదు. అది మాది కాదు."

"మీది కాకపోతే మంచిది."

"మాది కాదు. అయినా ఇచ్చేయండి."

వెనకనుంచి అత్త గొంతు వినిపించింది. "మీది కానిది మీకెందుకియ్యాల?"

చివరికి పెద్దకొడుకు, నా కళ్లముందు కుందూలో పారేయండి అన్నాడు. దాన్ని ముట్టుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు, మామగారు ఒప్పుకోలేదు, మా ఆయన వేళ్లకు ఉన్నట్టుండి నొప్పి పుట్టింది. మగవాళ్లు ముగ్గురూ బయట నిలబడితే, వాటిని సంచిలో వేసి మూతి కట్టిచ్చింది నేను. సాక్ష్యానికి అయ్యవారిని కూడా జీపులో ఎక్కించుకున్నారు. నలుగురు పెద్దమనుషులు ఒక సంచిని మోసుకుపోయి, వంతెన మీదినుంచి విసిరి, సోడాలు తాగి ఇల్లు చేరారు. మామగారు తక్కెడ మీద పసుపునీళ్లు చల్లాడు.

ఎండాకాలం. కుందూలో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. సంచిలో ఒక రాయి వేయాలని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. వేయాలంటే సంచి విప్పాలి గదా.

రెండురోజులు పోయాక, ఏటిగట్టున సీసాలూ రేకులూ ఏరి మాకు అమ్మే ఒకామె వచ్చింది. నెత్తిమీద తట్టలో మా సంచి.

"అక్కా, కుందూ కాడ కంపలో తగులుకోని ఉండె. మంచి రబ్బరు. తూకమెయ్యి."

మామగారు తక్కెడ దగ్గర రాయిలా అయిపోయాడు. అత్త మాత్రం మారుమాట లేకుండా తూకం వేసి దుడ్లిచ్చి పంపింది. ఒకే సరుకును రెండుసార్లు కొన్న అంగడి నంద్యాలలో మాదొక్కటే అయివుంటుంది.

ఆళ్లగడ్డకు మళ్లీ కబురు పోయింది. ఈసారి ఆలోచన ఇంకా పెద్దది. ఏరు పనికిరాదు, అహోబిలం దాటి అడవిలోకి పోయి గుంత తీసి పూడ్చాలి. నరసింహస్వామిని ఇందులోకి ఎందుకు లాగుతున్నారో నాకు అర్థం కాలేదు. ఆదివారం జీపు వస్తుందన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మామగారూ మా ఆయనా గోస్పాడులో పెళ్లికి పోయారు. ఆ పూటే ఒక పెద్దామె వచ్చింది. బొట్టు లేని నుదురు, నేత చీర, చేతిలో కంటి డాక్టరు చీటీ. అంగట్లో మగవాళ్లు లేరని చూసుకుని తిన్నగా వెనక కొట్టంలోకి వచ్చింది. మంచినీళ్లిస్తే తాగి, రబ్బరు కుప్ప పక్కన పీట మీద కూర్చుంది.

"ఆళ్లగడ్డ నుంచి వస్తాండా. ఇంట్లో కండ్ల డాక్టరు కాడికని చెప్పినా," అంది. "ఆ పెట్టె నాది."

అత్త చీపురు పక్కన పెట్టింది. నేను ఎటు చూడాలో తెలియక చేతులు చూసుకుంటూ నిలబడ్డాను.

"నేను మూలన కూచ్చోనుంటే, నన్నొక మాట అడక్కుండా ఎత్తుకోనొచ్చినాడు నా కొడుకు. పెట్టెలో ఏముండాదో చూసే తీరిక కూడా లేదు వానికి. ఇప్పుడు నాయన పేరు పోయిందని తలకాయ కొట్టుకుంటాండాడు."

"ఊర్లో ఏందేందో అంటాండారు తల్లీ," అంది అత్త మెల్లగా.

"ఇన్నా. బొంబాయిలో ఇంకొకతె ఉండాదంట గదా." ఆమె నవ్వింది. నేను ఊహించిన నవ్వు కాదు అది, బాగా తిరస్కారంగా ఉంది. "ఆయప్పకు నడి వయసులోనే చక్కెర రోగమొచ్చింది. మంచం మీద ఇంగ చాతకాలేదు. వేరే మొగోడైతే ఆ కోపం పెండ్లాం మీద చూపిస్తాడు. ఈయప్ప బొంబాయికి పోయినప్పుడు ఎవురినో అడిగి, సిగ్గు ఇడిచి, ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టినాడు. నాకు చాతకాకపోతే నువ్వెందుకు ఎండిపోవాల అన్నాడు. నేను నెలరోజులు మాట్లాడలేదు. తిట్టినా. తర్వాత తిట్టలేదు."

బయట ఒంటెద్దు బండి ఒకటి చప్పుడు చేసుకుంటూ పోయింది.

"మీ నాయన నాకోసం తెచ్చినాడురా అని నా కొడుకుతో చెప్పొచ్చు," అంది ఆమె. "చెప్తే వాడు నన్ను కూడా సంచిలో కట్టి కుందూలో ఏస్తాడు."

అత్త లేచి పోయి సంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది. "తీసుకుపో తల్లీ. నీ వస్తువు."

ఆమె సంచిని ముట్టుకుని, మళ్లీ చేయి వెనక్కి తీసుకుంది. "వద్దక్కా. మనిషే లేడు. మీరు ఇట్లాటివి ఏం చేస్తారు?"

"దేనికది వేరుచేసి పంపిస్తాం. రబ్బరు కరిగిస్తారు. రాగి మళ్లా తీగవుతాది."

"అయితే అట్లనే చేయండి. ఏట్లో ఎయ్యడం, అడివిలో పూడ్చడం, ఇవన్నీ దొంగసొమ్ముకు చేసే పనులు. నా మొగుడు దొంగతనం చేయలేదు. పనికొచ్చిన వస్తువు. మళ్లా పనికొచ్చేదాంట్లోకే పోనియ్యండి."

పట్టు కండువా మాత్రం అడిగింది. దాన్ని నేను ఉతికి అలమరలో దాచివుంచాను. తెచ్చిచ్చాను. మడతపెట్టి నడుముకు దోపుకుని, ఆళ్లగడ్డ బస్సు ఎన్నింటికో కనుక్కుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే పని ముగించాం. నేను యంత్రం మరలు విప్పాను. చిన్న మోటారు బయటికి వచ్చింది, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ. తీగ రాగిలో వేశాను. తెల్ల డొప్పలు పగిలిన బకెట్ల గోతంలో వేశాను. తుప్పు పట్టిన సెల్లులు విడిగా తీశాను. రబ్బరువి రెండింటినీ అత్త కత్తిపీట మీద ముక్కలు చేసి, సైకిల్ టైర్ల కింద కలిపేసింది. వంకాయలు తరిగినంత సేపు కూడా పట్టలేదు. మగవాళ్లకు అన్నిరోజులుగా తెగని సమస్య అది.

సంచిలో పెంకు ముక్కలూ టైరు ముక్కలూ నింపి, మూతి ఎప్పటిలాగే కట్టి పెట్టాం. ఆదివారం జీపు వచ్చింది. ఎవరూ విప్పి చూడలేదు, చూడరని మాకు తెలుసు. అహోబిలం దాటి అడవిలోకి పోయి, మనిషి లోతు గుంత తీయించి, ఆ పెంకు ముక్కలను పూడ్చి, దిగువ దేవళంలో టెంకాయ కొట్టుకుని వచ్చారు. మామగారు ప్రసాదం తెచ్చి మా ఇద్దరికీ పెట్టాడు. పీడ విరగడైందన్నాడు. అత్త కళ్లకద్దుకుని తినింది.

లారీ వచ్చి రబ్బరు ఎత్తుకుపోయింది. ఆళ్లగడ్డలో పెద్దకొడుకు పత్తి కొట్టులో తండ్రి పటం పెద్దది కట్టించి పెట్టాడని, దాని ఆవిష్కరణకు మా అయ్యవారే పోయి ఆ మహానుభావుడి నీతి నియమాల గురించి మాట్లాడాడని విన్నాను. ఆ పెద్దామె ముందు వరుసలోనే కూర్చుందట. ఆ ఉపన్యాసం ఆమె ఎలా విన్నదో నాకు చూడాలనిపించింది.

ఇప్పుడు ఇలాంటివి పాతబడితే ఏం చేయాలని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతున్నారట. అందులో అడగడానికి ఏముందో నాకు తెలియదు. అడ్డం వచ్చేది రబ్బరు కాదు, సిగ్గు.

ఆ లారీ పోయిన రోజు కొట్టం ఊడుస్తూ నేను అడిగాను. "అత్తా, మామ నీకు ఎప్పుడైనా ఏమన్నా తెచ్చిచ్చినాడా?"

అత్త చీపురు ఆపకుండానే చెప్పింది. "మీ మామనా? నా చేతికి సరిపోయే గాజులు ఒక్కసారి కూడా తేలేదు. కొలత తెలియాలంటే చెయ్యి పట్టుకోని చూడాల గదా."